ఫైళ్లు కాపీ కొట్టే పని మిషన్‌కే వదిలేద్దాం



స్కాలర్‌షిప్ రెన్యువల్ టైమ్ వస్తే హాస్టళ్లలో మన పరిస్థితి ఏంటో అందరికీ తెలుసు. ఒక్కో విద్యార్థికి ఒక్కో ఫోల్డర్. అందులో కుల సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, మార్కుల మెమో. మధ్యలో ఏదో ఒక ఫారం మారిందంటే కొత్తది ప్రతి ఫోల్డర్‌లోనూ వెయ్యాలి. కంప్యూటర్ కాస్త వచ్చిన ఇద్దరు ముగ్గురం కూర్చుని కంట్రోల్ సీ, కంట్రోల్ వీ కొడుతూ తెల్లారగడతాం. సేవ చేశారని అందరూ మెచ్చుకుంటారు. మాకు మాత్రం అది వెట్టిలాగే కనిపిస్తోంది.

160 ఫోల్డర్లు ఉన్నాయనుకోండి. చివరికొచ్చేసరికి కళ్లు మూతలు పడతాయి, ఎక్కడో ఒకటి తప్పిపోతుంది. ఆ ఫోల్డర్ సిగ్నల్ లేని గూడెం పిల్లదైతే ఫోన్ చేసి చెప్పే దారి కూడా ఉండదు. గడువు దాటాక తెలిసి ఏం లాభం?

ఈ పనికి నాలుగు లైన్ల షెల్ స్క్రిప్ట్ చాలు. ఫర్ అని మొదలుపెట్టి, స్టార్ గుర్తు పక్కన స్లాష్ పెడితే "ఇక్కడున్న ప్రతి ఫోల్డర్‌కూ" అని అర్థం. డూ, డన్ అనే రెండు మాటల మధ్య సీపీ కమాండ్. 160 ఉన్నా 1,600 ఉన్నా అవే నాలుగు లైన్లు. నెట్ అక్కర్లేదు. ఇది చిన్న విషయం కాదు. మన పిల్లల ఆధార్ కాపీలు ఎవరిదో తెలియని వెబ్‌సైట్‌లో ఎక్కించే పని ఉండదు, అన్నీ మన కంప్యూటర్‌లోనే ఉంటాయి. ల్యాప్‌టాప్ లేనివాళ్లు ఆండ్రాయిడ్ ఫోన్‌లో టర్మక్స్ వేసుకుని ఇదే చెయ్యొచ్చు.

"మాకు ఇంగ్లీష్ రాదు కదా" అంటారు కొందరు. సీపీ, ఎల్ఎస్, ఎంవీ ఏ ఇంగ్లీష్ మీడియం పుస్తకంలో ఉన్నాయి? బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ తయారుచేసినవాళ్లు టైపింగ్ తగ్గుతుందని పెట్టుకున్న పొట్టి పేర్లు అవి. కాన్వెంట్‌లో చదివినవాడైనా కొత్తగా నేర్చుకోవాల్సిందే. ఇక్కడ మనం ఎవరికన్నా వెనక లేం.

జాగ్రత్తలు లేకపోలేదు. సీపీ అడగకుండానే పాత ఫైల్ మీద కొత్తది రాసేస్తుంది, కాబట్టి పక్కన మైనస్ ఎన్ పెట్టాలి, అప్పుడు ఆ పేరుతో ఉన్న ఫైల్‌ని ముట్టదు. పాతదాన్ని మార్చడమే మన పనైతే అది తీసెయ్యాలి, లేకపోతే కొత్త ఫారం చేరదు. ఫోల్డర్‌కి మనిషి పేరు పెడతాం, ఇంటిపేరుకీ పేరుకీ మధ్య ఖాళీ వదులుతాం. కొటేషన్ గుర్తులు లేకపోతే షెల్ దాన్ని రెండు ముక్కలు చేసి చదువుతుంది. సీపీకి ముందు ఎకో అని రాసి ఓసారి నడిపితే ఏం చెయ్యబోతోందో తెర మీద చూపిస్తుంది, చెయ్యదు. సరిగ్గా ఉందనుకున్నాకే ఎకో తీసెయ్యాలి. ఇంకోటి, తప్పు ఫారం ఇస్తే అది 160 చోట్లా తప్పు ఫారమే వేస్తుంది. ఏది సరైన ఫారమో చూసుకోవాల్సింది మనమే.

ఒక్కరు నేర్చుకుంటే చాలదా అని ఒక సీనియర్ అన్న అడిగాడు. చాలదనే మేమంటాం. ఆ ఒక్కరు ఫైనలియర్ అయిపోయి వెళ్తే మళ్లీ కంట్రోల్ సీ దగ్గరికే వస్తాం. హ్యాష్ గుర్తు తర్వాత ఆ లైన్లో రాసిందాన్ని షెల్ పట్టించుకోదు. కాబట్టి ఏ లైన్ ఎందుకో అక్కడే తెలుగులో రాసి పెట్టొచ్చు. కోయ మాటల్లో, సవర మాటల్లో రాసినా దానికి అభ్యంతరం లేదు. వచ్చే ఏడాది చేరే తమ్ముడు ఎవరినీ అడగకుండా చదువుకుంటాడు.

అలా రాసిన స్క్రిప్ట్ ఒకటి గ్రూపు ఫైల్స్‌లో పెడుతున్నాం. ముందు ఓ పది ఖాళీ ఫోల్డర్లు చేసుకుని వాటి మీద నడపండి. ఎక్కడైనా ఆగితే తెర మీద వచ్చింది ఫొటో తీసి కింద పెట్టండి, సర్టిఫికెట్లు మాత్రం ఫొటోలో పడనివ్వకండి.