పాత డెస్క్‌టాప్‌ని టీవీకి కలపండి.. కానీ ఓటీటీ కోసం కాదు!

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి వెళ్దామంటే ఇంటెల్‌లో కనీసం 8వ తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 కావాలని మైక్రోసాఫ్ట్ అంటోంది. ఇంజనీరింగ్ రోజుల్లో కొన్న ఐ3, ఐ5 డెస్క్‌టాప్‌కి ఇక మూలే గతి. దాన్ని టీవీకి కలిపి మీడియా సెంటర్ చేసేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన మీకూ వచ్చే ఉంటుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. చేయండి. కాకపోతే ఓటీటీ కోసం కాదు, మీ ఇంట్లో ఉన్న సొంత వీడియోల కోసం చేయండి.

ఓటీటీకి స్ట్రీమింగ్ స్టిక్కే బెటర్

మొదటిది కరెంటు. పాత డెస్క్‌టాప్ ఊరికే ఆన్‌లో ఉంటే 50 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజంతా వదిలేస్తే నెలకు 36 యూనిట్లు కాలుతుంది. స్టిక్ నాలుగైదు వాట్లతో పని కానిచ్చేస్తుంది. రెండోది క్వాలిటీ. పాత పీసీలో లైనక్స్ వేసి బ్రౌజర్‌లో చూస్తే పెద్ద ఓటీటీలు 4కే ఇవ్వవు. మూడోది రిమోట్. మామూలు డెస్క్‌టాప్ టీవీ రిమోట్ మాట వినదు. అమ్మానాన్నల చేతికి మౌస్ ఇచ్చి సీరియల్ పెట్టుకోమంటే రెండో రోజే మూలన పడేస్తారు.

మరి ఎందుకు?

ఆ పాత క్యాబినెట్‌లో ఒక డీవీడీ డ్రైవ్ ఉంటుంది చూడండి, అందుకు! ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో అది దాదాపు కనిపించదు. బీరువాలో మాత్రం అక్క పెళ్లి, గృహప్రవేశం, తమ్ముడి పుట్టినరోజు డీవీడీలు అలాగే ఉన్నాయి. వీడియోగ్రాఫర్ రైట్ చేసి ఇచ్చిన డిస్కులు శాశ్వతం కావు. లోపలి రంగు పొర ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది, గీతలు సరేసరి. ఆ పెళ్లిలో తాతయ్య ఉన్నారు, ఇప్పుడు లేరు. ఆయన గొంతు వినాలంటే ఆ డిస్కే దిక్కు. ఏ ఓటీటీలోనూ దొరకని కంటెంట్ అది.

లెక్క చూడండి. మామూలు డీవీడీ 4.7 జీబీ. 100 డిస్కులు నిండుగా ఉన్నా 470 జీబీ, అంటే 1 టీబీ హార్డ్ డిస్క్‌లో సగం కూడా కాదు. "గూగుల్ ఫోటోస్ ఉంది కదా బ్రో" అంటారేమో. ఫ్రీగా వచ్చే 15 జీబీ మూడు డిస్కులకే నిండిపోతుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

ముందు సీపీయూ ఫ్యాన్ దుమ్ము దులిపి, కొత్త థర్మల్ పేస్ట్ వేయండి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డ్ మీది సీఆర్2032 బటన్ సెల్ మార్చండి, సాధారణంగా అదే కారణం. ఆపరేటింగ్ సిస్టమ్‌కి చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ, వీడియోలకు కొత్త హార్డ్ డిస్క్ చాలు. పదేళ్లు తిరిగిన పాత హార్డ్ డిస్క్‌ని నమ్మి పెళ్లి వీడియో పెట్టకండి.

గ్రాఫిక్స్ కార్డ్ జోలికి పోవద్దు. 2013 నాటి 4వ తరం ఇంటెల్ కూడా డీవీడీలను, హెచ్.264 ఫుల్ హెచ్‌డీ వీడియోలను హాయిగా ప్లే చేస్తుంది. దానికి కష్టం 4కే హెచ్‌ఈవీసీ దగ్గర. 10 బిట్ హెచ్‌ఈవీసీకి హార్డ్‌వేర్ సపోర్ట్ ఇంటెల్‌లో 7వ తరం నుంచే వచ్చింది. మన డీవీడీలకు అవేవీ అక్కర్లేదు. బోర్డుకి హెచ్‌డీఎంఐ లేక వీజీఏ మాత్రమే ఉంటే ఒక కన్వర్టర్ కొనాలి, సౌండ్‌కి విడిగా ఆడియో వైరు లాగాలి.

సాఫ్ట్‌వేర్ అంతా ఫ్రీ. లైనక్స్ మింట్ వేసి, దాని మీద కోడీ పెట్టండి. పేరు చూసి నవ్వుకోకండి, 2014 వరకు దాని పేరు ఎక్స్‌బీఎంసీ. ఫోన్‌లో కోర్ యాప్ వేస్తే అదే రిమోట్. డిస్క్‌లోని వీడియో ఫోల్డర్‌ని యథాతథంగా కాపీ చేసినా కోడీ ప్లే చేస్తుంది. ఇంట్లో మిగతా ఫోన్లు, టీవీల్లో కూడా చూడాలంటే జెల్లీఫిన్ సర్వర్ పెట్టుకోండి. చూసేటప్పుడే పీసీ ఆన్ చేస్తే కరెంటు బిల్లు గొడవా ఉండదు. రోజుకు 3 గంటలైతే నెలకు 4.5 యూనిట్లే.

ఒక్క షరతు. మీడియా సెంటర్ అంటే బ్యాకప్ కాదు. ఇంకో కాపీని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో వేసి, వీలైతే వేరే ఇంట్లో దాచండి.

ఆ పాత పీసీని స్క్రాప్‌కి వేస్తే చేతికొచ్చేది ఎంతో మీకు తెలుసు. అమ్మే ముందు బీరువాలోని డిస్కులు ఒక్కసారి దాంట్లో పెట్టి చూడండి. ఇంకా చదువుతున్నాయంటే, కాపీ చేయాల్సిన టైమ్ ఇదే.