క్యాను నీళ్లు గొంతుకు.. బోరు నీళ్లు పొయ్యికి!

కన్నడంలో అరసి అంటే రాణి, కెరె అంటే చెరువు. పావగడ తాలూకా అరసికెరెకు పేరులోనే చెరువుంది. తాగడానికి మాత్రం ఈ తాలూకా పల్లెలు దశాబ్దాలుగా బోరు నీళ్ల మీదే బతికాయి. బోరు నీళ్లంటే ఇక్కడ ఫ్లోరైడ్ నీళ్లనే అర్థం. కర్ణాటకలో ఉన్నా ఎక్కువ వైపుల ఆంధ్ర పొలిమేరలే ఉన్న తాలూకా ఇది. బోర్డు మీద కన్నడం, ఇంట్లో తెలుగు. అటు మడకశిర, రొళ్ల పల్లెల్లో కనిపించే గార పళ్లు, పట్టేసిన నడుములు ఇటూ కనిపిస్తాయి. భూమి కింద రాయికి రాష్ట్ర సరిహద్దు తెలియదు.

కొన్నేళ్లుగా పల్లెల్లో శుద్ధజల కేంద్రాలు వచ్చాయి. నాణెం వేస్తే ఇరవై లీటర్ల క్యాను నిండుతుంది. మోటారు సైకిల్‌కు ఇటో క్యాను, అటో క్యాను కట్టుకుని పోయేవాళ్లు పొద్దున్నే కనిపిస్తారు. దాంతో 'ఫ్లోరైడ్ సమస్య తీరిపోయింది' అనే ధీమా ఇటు జనంలోనూ, అటు అధికారుల్లోనూ పెరిగింది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. క్యాను నీళ్లు గొంతుకు పోతున్నాయి. పొయ్యి మీదికి ఎక్కుతున్నవి మాత్రం ఇంకా చాలా ఇళ్లలో బోరు నీళ్లే. అన్నం, పప్పు, చారు, టీ అన్నీ వాటితోనే. కొనుక్కొచ్చిన నీళ్లను ఎసట్లో పోయడానికి ఏ ఇల్లాలికైనా చేయి రాదు.

లెక్క చూస్తే తెలుస్తుంది

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు సర్దుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. ఉదాహరణకు ఒక ఊరి బోరులో 3 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. ఒక మనిషి రోజుకు రెండు లీటర్ల క్యాను నీళ్లు తాగితే, అందులో లీటరుకు అర మిల్లీగ్రాము ఉన్నా ఒంట్లోకి చేరేది 1 మిల్లీగ్రామే. అదే మనిషి తినే అన్నంలో, సంగటిలో, పప్పులో, చారులో కలిపి ఒక లీటరు బోరు నీళ్లు పోతే మరో 3 మిల్లీగ్రాములు చేరతాయి. మొత్తం 4. అంటే క్యాను కొనుక్కున్నా, లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్లు రోజూ రెండు లీటర్లు తాగినట్టే!

కాచితే విషం పోతుందనే నమ్మకం ఒకటుంది. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై, మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. పాతకాలంలో అన్నం వార్చేవాళ్లు కాబట్టి గంజితో పాటు కొంతైనా బయటికి పోయేది. ఇప్పుడు కుక్కరులో పోసిన నీళ్లు పోసినట్టే అన్నంలో ఇంకిపోతాయి. రాగి సంగటి సంగతి చెప్పక్కర్లేదు. ఎసరంతా ముద్దలోనే ఉంటుంది.

రాయి మీద కేసు పెట్టలేరు

తెలుగునాట ఈ జబ్బు కొత్తది కాదు. దేశంలో మొదటిసారి దీన్ని వైద్యులు గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో ఉండి తర్వాత ప్రకాశంలోకి వచ్చిన పల్లెల్లోనే. నల్లగొండలో పిల్లల మోకాళ్లు లోపలికి వంకర తిరగడాన్ని 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ప్రపంచం దృష్టికి తెచ్చారు.

పటాన్‌చెరులో చెరువులు, బావులు చెడిపోతే కారణం ఫ్యాక్టరీల వ్యర్థాలని తేలింది. జనం తరఫున 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ దోషి ఎవరో తెలుసు. పావగడలో దోషి నల్లరాయి. రాతి పొరల్లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు రాతిలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువ దిగుతుంది. వానలు లేక, చెరువులు నిండక, బోర్లు వందల అడుగులు దాటి లోతుకు పోయేకొద్దీ ముప్పు పెరిగింది. రాయి మీద కేసు పెట్టలేరు. కానీ చెరువులను పూడిపోనిచ్చింది, బోరు మీద బోరు వేయనిచ్చింది మాత్రం రాయి కాదు.

పలకల కింద పోయిన చేను

ఈ తాలూకాకు పెద్ద పరిశ్రమ అంటూ వచ్చింది సౌరవిద్యుత్ పార్కు. తిరుమణి, బలసముద్రం, వల్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామాల పరిధిలో సుమారు 13 వేల ఎకరాల్లో, 2,050 మెగావాట్ల సామర్థ్యంతో 2019 చివరికి పూర్తయింది. ఎకరాకు ఏడాదికి రూ.21 వేల కౌలుతో మొదలుపెట్టి రైతుల దగ్గర భూములు తీసుకున్నారు. వానకు దండం పెట్టి వేరుశనగ వేసి నష్టపోయిన రైతుకు అది ఆసరాయే. కాదనలేం. సౌర పలకలు ఫ్లోరైడ్‌ను తెచ్చాయనడమూ అన్యాయమే.

అయితే భూమి ఉన్నవాడికి కౌలు వచ్చింది, భూమి లేనివాడికి కూలి పోయింది. గొర్రెలకు బీడు పోయింది. చేను అంటే వేరుశనగ కాయలే కాదు. సాళ్ల మధ్య కందులు, అలసందలు, అనుములు, గట్టున దొరికే ఆకుకూర కూడా చేనే. అవి కొనకుండానే కుండలో పడేవి. ఇప్పుడు అంగడికి పోయి కొనాలి. చేతిలో కూలి డబ్బు లేని ఇంట్లో మొదట తగ్గేది పప్పు, కూర, పాలే. ఫ్లోరైడ్‌కు కావలసింది కూడా అలాంటి ఇల్లే. ఒంట్లో కాల్షియం, సి విటమిన్, మాంసకృత్తులు తక్కువైనచోట ఈ జబ్బు మరింత కొరుకుతుంది. ఒకే బోరు నీళ్లు తాగినా, తిండికి లోటు లేని ఇంటి పిల్లాడి కంటే పస్తులుండే ఇంటి పిల్లాడి ఎముకలే ముందు వంగుతాయి.

పాలపొడి మంచిదే.. కలిపే నీళ్లో?

పిల్లలకు ప్రభుత్వాలు పెడుతున్న తిండి తక్కువేమీ కాదు. కర్ణాటకలో 2013లో క్షీరభాగ్య మొదలైంది. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలోనే వేడి భోజనం పెట్టే మాతృపూర్ణ 2017లో వచ్చింది. 2024లో బడిపిల్లలకు రాగి మాల్టు కూడా చేర్చారు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2023 మార్చిలో రాగిజావ మొదలుపెట్టారు. అన్నీ మంచి పథకాలే. కానీ క్షీరభాగ్య పాలను పొడితో కలుపుతారు. రాగిజావను నీళ్లలో కాస్తారు. ఆ నీళ్లు ఎక్కడివి? బడి వెనుక బోరువైతే, ఇచ్చే చేత్తోనే తీసుకున్నట్టు. పాలలోని కాల్షియం ఫ్లోరైడ్‌ను కొంత అడ్డుకుంటుంది నిజమే. దాన్ని ఆ పనికే ఖర్చు పెట్టిస్తే బిడ్డ ఎముకకు మిగిలేదెంత?

పళ్ల మీద గార పడేది శాశ్వత దంతాలు చిగురు లోపల తయారయ్యే తొలి ఎనిమిదేళ్లలోనే. ఆ తర్వాత ఎన్ని మంచినీళ్లు తాగినా మరక పోదు. ఆ ఎనిమిదేళ్లలో బిడ్డ ఎక్కువగా తినేది అమ్మ చేతి ముద్ద, అంగన్‌వాడీ అన్నం, బడి భోజనం. కాబట్టి ఊళ్లో మంచినీళ్ల కుళాయి మొదట పడాల్సిన చోటు అంగన్‌వాడీ వంటగది. గర్భిణుల విషయమూ అంతే. ఢిల్లీలో డాక్టర్ ఎ.కె.సుశీల బృందం గర్భిణుల నీటిలో, తిండిలో ఫ్లోరైడ్ తగ్గించి పోషకాహారం పెంచితే రక్తహీనత తగ్గిందని 2010లో ప్రచురించింది. ఐరన్ మాత్రలు మింగుతున్నా రక్తం పట్టని తల్లుల విషయంలో నీళ్లను కూడా అనుమానించాలని దీని అర్థం.

తిండి కూడా మందే

తిండిలో విరుగుడు కూడా ఈ నేలలోనే ఉంది. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. మునగాకు, నువ్వులు, ఉసిరికాయ, పాలు, మజ్జిగ ఊరికి తెలియనివి కావు. చింతపండు తిన్న పిల్లల్లో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని జాతీయ పోషకాహార సంస్థ 2002లో ప్రకటించింది. అంటే చారు, ఊరుబిండి తినే అలవాటు చెడ్డదేం కాదు. ఆ చారు కాచే నీళ్లే మంచివి కావాలి. పాలు లేని టీ మాత్రం తగ్గించుకోవాలి. టీ ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది.

శుద్ధజల కేంద్రం ఫ్లోరైడ్‌తో పాటు నీటిలోని కాల్షియాన్నీ తీసేస్తుంది. క్యాను నీళ్లు తాగే ఊరు ఆ లోటును తిండిలో పూడ్చుకోవాలి. ఈ మాట ఆ కేంద్రాల గోడ మీద ఎక్కడా రాసి ఉండదు.

తుంగభద్ర వచ్చింది.. తర్వాత?

తుంగభద్ర జలాశయం వెనుక జలాలను పావగడకు తెచ్చే బహుళ గ్రామాల తాగునీటి పథకాన్ని 2025 జూలైలో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రారంభించారు. తరాలు ఎదురుచూసిన నీళ్లివి. సంతోషించాల్సిందే. కానీ ప్రారంభోత్సవం వేరు, ప్రతి పొయ్యి దగ్గరికీ నీళ్లు చేరడం వేరు. పొరుగున అనంతపురం అనుభవం ఉంది. 1990ల్లో సత్యసాయి ట్రస్టు 700కు పైగా గ్రామాలకు పైపులు వేసింది. శ్రీరామరెడ్డి పథకమూ వచ్చింది. జీతాల బకాయిల కోసం కార్మికులు సమ్మెకు దిగినప్పుడల్లా పల్లెలు మళ్లీ బోర్ల దగ్గరికే పోయాయి. పైపు వేయడం ఒకనాటి పని, దాన్ని నడపడం రోజూ పని.

కాబట్టి చేయాల్సిన పనులు పెద్దవేం కావు. నది నీరు చేరిన ప్రతి ఊళ్లో మొదటి కనెక్షన్ అంగన్‌వాడీకి, బడి వంటశాలకు ఇవ్వాలి. చేరనిచోట వంటకు కూడా శుద్ధజలమే ప్రభుత్వ ఖర్చుతో పోయాలి. జల్‌జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలన్నది నిబంధన. అది కాగితం మీద ఉండిపోకుండా, ప్రతి బోరు దగ్గరా ఫ్లోరైడ్ ఎంతుందో కన్నడంలో, తెలుగులో రాయించాలి. శుద్ధజల కేంద్రంలో ఫిల్టర్ ఎప్పుడు మార్చారో బోర్డు పెట్టాలి. అక్కడి నుంచి వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ. అవి పశువుల తొట్టిలోకో, కుంటలోకో పోకుండా చూడాలి.

లాభాలొచ్చే పెద్ద కంపెనీలు రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలని 2013 నాటి కంపెనీల చట్టం చెబుతోంది. తాలూకా ఎండను అమ్ముకుంటున్న సంస్థలు ఆ సొమ్ములో కొంత ఇక్కడి కూలీల పిల్లల గుడ్డుకు, పాలకు, పూడికతీతకు పెడితే అది దానం కాదు, బాకీ తీర్చడం.

చివరగా, పొలిమేరకు అటు తుమకూరు, ఇటు శ్రీసత్యసాయి జిల్లాల అధికారులు ఎవరి లెక్కలు వారు రాసుకోవడం మానాలి. మడకశిరలో పుట్టి అరసికెరె కోడలైన అమ్మాయి చిన్ననాటి నీళ్లు ఒక రాష్ట్రానివి, కాన్పునాటి నీళ్లు ఇంకో రాష్ట్రానివి. ఆమె ఎముకల్లో మాత్రం రెండూ కలిసే చేరతాయి. ఆమె బిడ్డ పళ్లయినా తెల్లగా మొలవాలంటే క్యానుతో ఆగిపోకూడదు. మంచినీళ్లు పొయ్యి మీదికీ ఎక్కాలి, కంచంలో రాగి ముద్ద పక్కన పప్పూ పాలూ ఉండాలి.