పురుగుల చదువు ఇక అనవసరమా?

జంతుశాస్త్ర విద్యార్థులు పురుగుల కాళ్లు లెక్కిస్తూ మూడేండ్లు వృథా చేసుకుంటున్నారనీ, జన్యుశాస్త్రం ఇంత ముందుకు సాగిన తరుణంలో ఆ పాఠాలు తగ్గించి ఆధునిక సాధనాల శిక్షణ పెంచాలనీ మన మిత్రులు కొందరు వాదిస్తున్నారు. శిక్షణ అవసరమే. పాఠాలు తగ్గించాలన్న మాటతో మాత్రం నేను ఏకీభవించలేను. నా అభ్యంతరానికి ఆధారం ఆ సాధనాల చరిత్రలోనే ఉన్నది.

2018లో మన దేశంలో ప్రవేశించి మొక్కజొన్న రైతును కంటతడి పెట్టించిన కత్తెర పురుగును ఎరుగనివారు అరుదు. ఆ జాతి పురుగు ప్యూపా దశలో ఉండగా దాని అండాశయం నుండి తీసిన కణాల సంతతే ఎస్.ఎఫ్.9 అనే పేరుతో నేడు దేశదేశాల ప్రయోగశాలల్లో పెరుగుతున్నది. ఇటువంటి పురుగులను చంపే బాక్యులోవైరస్, బయటి ఎండావానల నుండి తనను కాపాడుకొనడానికి పాలిహెడ్రిన్ అనే ప్రోటీనును కణం చేత అపారంగా తయారు చేయించుకుంటుంది. గాజుపాత్రలో పెరిగే వైరస్‌కు ఆ కవచంతో పనిలేదు. కనుక ఆ జన్యువు స్థానంలో మనకు కావలసిన జన్యువును నిలిపితే కణం మన ప్రోటీనును తయారు చేస్తుంది. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో గేల్ స్మిత్, మాక్స్ సమ్మర్స్ 1983లో ఈ మార్గాన మానవ ఇంటర్‌ఫెరాన్‌ను తయారు చేసి చూపారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే సెర్వారిక్స్ టీకా, కోవిడ్ కాలంలో పుణేలో తయారైన కోవోవాక్స్ పురుగు కణాల చలవే.

ఒక లోపం మిగిలింది. మానవ ప్రోటీన్లలో అనేకం చక్కెర గొలుసులు ధరించి ఉంటాయి; పురుగు కణంలోని ఒక ఎంజైము ఆ గొలుసులను పొట్టిగా కత్తిరిస్తుంది. ఆ ఎంజైము జన్యువును చెరిపివేయడానికి క్రిస్పర్ అనే జన్యు కత్తెర ఉండనే ఉన్నది. కాని దానికి దారిచూపే ఆర్.ఎన్.ఏ. ఆ కణంలోనే తయారు కావాలి. అందుకు పండ్ల ఈగ నుండి తెచ్చిన యు6 ప్రమోటర్, ఈగ కణాలలో చక్కగా పనిచేసినదే, ఇక్కడ పనికిరాలేదు. పేరులోనే కత్తెర గల పురుగు దగ్గర జన్యు కత్తెర మొరాయించిందన్నమాట! చివరకు ఆ పురుగు సొంత ప్రమోటర్‌నే వెదకి పట్టుకొనవలసివచ్చింది. మబాషి-అసజుమా, జార్విస్ 2017లో ప్రకటించిన పరిశోధన ఇది. ఈగ వేరు, రెక్కపురుగు వేరు అన్న పాత పాఠం అక్కడ అక్కరకు వచ్చింది. సాధనాన్ని కొనవచ్చును; ఏ పురుగులో అది ఎందుకు పనిచేయదో తెలిసినవారిని ఎక్కడ కొంటాము?

మనకు ఎస్.ఎఫ్.9 కణాలు పెంచే వసతి లేదు, నిజమే. అయితే శనగచేలలో ఈ వైరస్ కుటుంబానికే చెందిన ఎన్.పి.వి. సోకి తలక్రిందులుగా వ్రేలాడే పచ్చపురుగులు కనిపిస్తాయి. అటువంటి పురుగు రసం ఒక్క చుక్క చాలు. ఆ పాలిహెడ్రిన్ స్ఫటికాలు కళాశాలలోని మామూలు సూక్ష్మదర్శినిలోనే కనిపిస్తాయి. కాబట్టి క్షేత్రయాత్రల పద్దును ఈ సంవత్సరం కొట్టివేయవద్దని కమిటీ పెద్దలకు నా మనవి.