తన్నని తుపాకీ ఎవరి చేతికి?

అమెరికాలో ఏఏ-12 అనే షాట్‌గన్ ఒకటుంది. మాక్స్‌వెల్ ఆచిసన్ అనే ఆయన 1972లో రూపొందించాడు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే నిమిషానికి 300 తూటాల వేగంతో పేలుతుంది, భుజాన్ని మాత్రం దాదాపు తన్నదు. ఒంటిచేత్తో పేల్చి చూపించే వీడియోలు మా ఊరి కుర్రాళ్ళ ఫోన్లలో తిరుగుతున్నాయి. "ఇవి మన పోలీసులకిస్తే ఎలాగుంటాది మావా?" అన్నాడు ఆర్మీ ర్యాలీ కోసం పొద్దున్నే పరుగు తీసే ఒక కుర్రాడు. ఇవ్వకూడదన్నాను. ఎందుకో చెబుతాను.

నేను హవల్దారుగా రిటైరై, విజయనగరంలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర పన్నెండు బోరు డబుల్ బ్యారెల్‌తో నిలబడుతున్నాను. మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మిలిటరీకి వెళ్ళొచ్చిన చాలామంది చివరికి చేరేది ఇలాంటి గుమ్మాలకే. పింఛనుకొచ్చిన ముసలమ్మలు "ఇది పేల్తాదేటి బావూ, ఉత్తినే దిష్టికి పట్టుకున్నావా?" అని ఆటపట్టిస్తారు. పేలుతుంది. రెండే తూటాలు. ఒకటి పేలగానే భుజం అదిరిపోతుంది. ఆ అదురుకే మనిషి క్షణం ఆగి, ముందెవరున్నారో మళ్ళీ చూస్తాడు.

ఆ క్షణాన్నే ఏఏ-12 తీసేసింది. మామూలు ఆటోమేటిక్ తుపాకుల్లో తూటా పేలినప్పుడు వెనక్కి దూసుకొచ్చే బోల్ట్ తుపాకీ వెనక భాగానికి గుద్దుకుంటుంది. ఇందులో దానికి పొడవాటి దారి ఇచ్చారు. స్ప్రింగు దాన్ని నెమ్మదిగా ఆపుతుంది. దెబ్బ కాస్తా తోపులా మారిపోతుంది. పెద్ద గుళ్ళ తూటాలో తొమ్మిది సీసపు గుళ్ళుంటాయి. 20 తూటాల డ్రమ్ము నాలుగు సెకన్లలో ఖాళీ, అంటే 180 గుళ్ళు.

ఇంత గొప్పదాన్ని పెద్ద సైన్యాలెందుకు ఎత్తుకోలేదు? 2004లో అమెరికా మెరీన్లు పరీక్షించి చూశారు, అక్కడితో సరి. షాట్‌గన్ సత్తా నలభై, యాభై మీటర్ల దాకానే. తూటాలు లావు, బరువు. కందకాల్లో, దట్టమైన అడవుల్లో మాత్రం పనికొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, అమెరికన్ల షాట్‌గన్లు యుద్ధ నియమాలకు విరుద్ధమని జర్మనీ అభ్యంతరం చెప్పింది. విషవాయువు వదిలినవాళ్ళ నోట ఆ మాట వినడం తమాషాయే.

ఇప్పుడు ఉక్రెయిన్ యుద్ధం షాట్‌గన్‌కు కొత్త పని చూపించింది. మీదికొచ్చే చిన్న డ్రోన్‌కి రైఫిల్ గుండు తగిలించడం కష్టం, చెదిరే గుళ్ళయితే తగలొచ్చు. 2025 మేలో మన పడమటి సరిహద్దు మీదికి పాకిస్తాన్ డ్రోన్లు గుంపులుగా వచ్చాయి. తన్నని ఆటోమేటిక్ షాట్‌గన్లను అక్కడి పోస్టుల్లో పరీక్షిస్తామంటే నేను కాదనను.

పోలీసు స్టోర్లలోకి మాత్రం వద్దు. మా శ్రీకాకుళం జిల్లాలోనే 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లు వద్దన్న రైతులు, జాలర్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. ఆ జనం ముందు నాలుగు సెకన్లలో 180 గుళ్ళు కక్కే తుపాకీ ఉండి ఉంటే? 2016లో కశ్మీర్‌లో పెల్లెట్ గన్లు ఎన్ని కళ్ళు పోగొట్టాయో దేశమంతా చూసింది. అవి ఒక్కోసారీ పంపు లాగితే గాని పేలనివి.

ఇంకో సంగతి. రైఫిల్ గుండు మీద గొట్టం గీతలు పడతాయి, ఏ తుపాకీదో ల్యాబ్‌లో పోల్చి చూడొచ్చు. నున్నటి గొట్టంలోంచి వచ్చిన సీసపు గుళ్ళ మీద ఆ ఆనవాళ్ళుండవు. రేపు విచారణలో కాల్చింది ఎవరని అడిగితే, శవంలో దొరికిన గుళ్ళు చెప్పలేవు. ఇక మిగిలేది తూటాల లెక్కే. పట్టాళంలో ఫైరింగ్ అయ్యాక ఖాళీ ఖోకాలు, అంటే పేలిన తూటాల తొడుగులు, లెక్కపెట్టి అప్పగించేదాకా రేంజి నుంచి కదలనిచ్చేవారు కాదు. ఏ పోలీసు శాఖయినా ఇలాంటి తుపాకీ కొంటానంటే, ఆ లెక్క ఎవరు రాస్తారో, ఎవరు చూస్తారో ముందు అసెంబ్లీలో చెప్పాలి.