తిత్తి పట్టిన చిన్న చేతులు



మన సంఘాల్లో హార్మోనియం ఎరుగని వారుండరు. ఒక చేత్తో తిత్తి ఊపుతూ, మరొక చేత్తో మెట్లు నొక్కుతూ పాట ఎత్తుకునే సోదరుడు ప్రతి ఊరిలోనూ ఒకరుంటారు. ఆ హార్మోనియానికి దగ్గరి చుట్టం అకార్డియన్. రెండింటిలోనూ గాలి తగిలి పలికేది సన్నని లోహపు నాలుకే. హార్మోనియం నేలమీద కూర్చుంటుంది, అకార్డియన్ వాయించేవాని రొమ్ముమీద వేలాడుతుంది. 1829లో వియన్నా నగరంలో సిరిల్ డెమియన్ అనే ఆయన ఆ పేరుగల వాద్యానికి హక్కుపత్రం పొందాడు. తరువాత అది ఓడలెక్కి ఎన్నో దేశాలకు వెళ్లింది. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో ఆ వాద్యం పట్టుకొని పోటీకి నిలిచే బిడ్డల సంగతి ఈ నెల మీతో చెప్పాలనుకున్నాను. తమ బిడ్డలను పాటల పోటీలకు పంపే తల్లిదండ్రులు దీనిని కొంచెం నిదానంగా చదవాలని మనవి.

కొలంబియా ఉత్తర భాగంలో వాయెదుపార్ అనే పట్టణం ఉంది. చుట్టూ పశువులు మేపే బీళ్లు. పూర్వం ఆ ప్రాంతపు పశువుల కాపరులు, కూలి పనివారు అకార్డియన్ భుజాన వేసుకొని ఊరూరా తిరిగేవారు. ఊళ్లలో జరిగిన సంగతులు, ప్రేమలు, తగవులు, చావులు పాటలుగా కట్టి తరువాతి ఊరికి మోసుకుపోయేవారు. వార్తాపత్రిక చేరని చోటికి పాట చేరేది. ఆ సంగీతానికే వాయెనాతో అని పేరు. దానికి మూడే వాద్యాలు చాలు. ఒకటి అకార్డియన్. రెండవది కాహా అనే చిన్న డోలు. మూడవది గ్వాచరాకా అనే గాట్లు పెట్టిన కర్ర, దానిమీద తీగల పుల్లతో గీకుతూ తాళం పట్టిస్తారు.

1968లో ఆ పట్టణంలో ముగ్గురు పూనుకొని వాయెనాతో సంగీతోత్సవం ప్రారంభించారు. ఒకరు తరువాత దేశాధ్యక్షుడైన అల్ఫోన్సో లోపెస్ మిచెల్సెన్. ఒకరు పాటలు కట్టే రఫాయెల్ ఎస్కలోనా. మరొకరు పత్రికా రచయిత్రి కొన్సువేలో అరౌహో. ఏటా ఏప్రిల్ నెలాఖరు రోజుల్లో ఈ ఉత్సవం జరుగుతుంది. అకార్డియన్ పోటీలో గెలిచినవానిని రాజు అని పిలుస్తారు. పెద్దలకు ఒక పోటీ, యువకులకు ఒకటి, చిన్నపిల్లలకు ఇంకొకటి. 2019 నుండి స్త్రీలకు, బాలికలకు కూడ ప్రత్యేకమైన పోటీ పెట్టారు.

అక్కడివారు చెప్పుకొనే కథ ఒకటుంది. ఫ్రాన్సిస్కో అనే వాద్యకారుడు రాత్రివేళ ఒంటరిగా ఇంటికి పోతూ అకార్డియన్ వాయిస్తుంటే, చీకటిలోనుంచి మరొకడు అంతకంటె బాగా బదులు వాయించాడట. వాడు సాతాను. ఫ్రాన్సిస్కో భయపడక విశ్వాస ప్రమాణాన్ని తలక్రిందులుగా, చివరినుంచి మొదటికి పాడి వానిని తరిమివేశాడని చెబుతారు. ఇది కథే. కాని ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణం చెప్పే మనకు ఒక సంగతి తట్టకపోదు. వెనకనుంచి పాడాలంటే ముందునుంచి ఎంత బాగా కంఠతా వచ్చి ఉండాలి! పట్టణపు కూడలిలోని ఉత్సవ వేదికకు ఈ ఫ్రాన్సిస్కో పేరే పెట్టుకున్నారు.

ఇప్పుడు పిల్లల సంగతికి వద్దాం. వారు పట్టే వాద్యం బొమ్మ కాదు. పెద్దలు వాయించే రకమే. కుడివైపు మూడు వరుసల్లో 31 బొత్తాలు, ఎడమవైపు మంద్రస్వరాలకు 12 బొత్తాలు. మన హార్మోనియంలో ఒక మెట్టు నొక్కితే ఒకే స్వరం. ఈ అకార్డియన్‌లో అలా కాదు. అదే బొత్తం తిత్తి మూస్తే ఒక స్వరం, తిత్తి లాగితే మరొక స్వరం పలుకుతుంది. కాబట్టి వేలు సరైన చోట ఉన్నంత మాత్రాన చాలదు, తిత్తి ఎటు కదులుతున్నదో కూడ పిల్లవానికి తెలియాలి. కళ్లు చూడలేని ఈ లెక్కను చేతులే నేర్చుకోవాలి.

పోటీకి వచ్చిన ప్రతివాడు నాలుగు రకాల పాటలు వాయించి తీరాలి. పాసేయో అనేది నడకవంటిది, అందరికీ పరిచయమైనది. సోన్ నిదానంగా, బరువుగా సాగుతుంది, అందులో ఎడమచేతి మంద్రస్వరాలదే పెద్దరికం. మెరెంగే ఆరు దెబ్బల లెక్కమీద ఊగుతుంది. పుయా అన్నిటికంటె వేగం. వేళ్లు చురుకైన పిల్లవాడు పుయా వాయించి జనం చేత చప్పట్లు కొట్టించుకోవచ్చు. కాని సోన్ దగ్గర అతని తొందర పనికిరాదు. ఒక్కదానిలో మెరిసి తక్కిన మూడింటిలో తప్పించుకొనే వీలు ఆ పోటీలో లేదు. ఈ నియమం నాకు ఎంతో నచ్చింది. బిడ్డకు ఏది తేలికో అదే పదిమందిలో చూపించి మురిసిపోయే అలవాటు మన ఇళ్లల్లో ఎక్కువ.

పిల్లలకు పోటీ ఎందుకు, గెలిచినవానికి గర్వం, ఓడినవానికి ఏడుపు తప్ప ఏమి మిగులుతుంది అని కొందరు పెద్దలు అడుగుతారు. ఆ మాట కొట్టిపారేయదగినది కాదు. తల్లిదండ్రుల పరువు బిడ్డ వేళ్లమీద పెట్టి వేదిక ఎక్కిస్తే ఆ బిడ్డకు సంగీతమంటేనే భయం పుడుతుంది. అయితే పోటీ తేదీ ఒకటి ఉండబట్టి నెలల తరబడి రోజూ సాధన చేసిన పిల్లలు ఎందరో. పాత పాట నేర్పమని తాత దగ్గరికి వెళ్లే మనుమడు పోటీ పేరుతోనైనా వెళతాడు. పోటీ మేలు చేస్తుందో కీడు చేస్తుందో బహుమతినిబట్టి తేలదు, బిడ్డ ఎవరి తీర్పుకు లోబడి వాయిస్తున్నాడో దానినిబట్టి తేలుతుంది.

దీనికి సాక్ష్యం ఆ ఉత్సవ చరిత్రలోనే ఉంది. 1968లో మొట్టమొదటి రాజుగా గెలిచినవాడు అలెహాంద్రో దురాన్. ఎల్ పాసో అనే ఊరిలో పుట్టి, పశువుల కొట్టాల్లో పనిచేసి పైకివచ్చినవాడు. 1987లో, అంతవరకు రాజులుగా గెలిచినవారి మధ్య రాజులకు రాజు ఎవరో తేల్చే పోటీ పెట్టారు. దురాన్ అప్పటికి దాదాపు డెబ్బై ఏండ్లవాడు. జనమంతా ఆయన పక్షమే. పుయా వాయిస్తుండగా ఒకచోట తప్పు దొర్లింది. ఆయన సర్దుకొని ముందుకు సాగిపోలేదు. వాయించడం ఆపి, జనం వైపు తిరిగి, నన్ను నేనే పోటీనుంచి తొలగించుకున్నానని చెప్పాడు. న్యాయనిర్ణేతలు నోరు తెరవకముందే తీర్పు ఆయన నోటనే వచ్చింది. ఆ యేడు కిరీటం నికోలాస్ మెందోసా అనే మరొక గొప్ప వాద్యకారునికి దక్కింది. 1989లో దురాన్ కన్నుమూశాడు. ఆ పోటీ మాట వచ్చినప్పుడల్లా గెలిచినవానితోపాటు తప్పుకొన్న ఈ వృద్ధుని కూడ జనం ఈనాటికీ తలచుకొంటారు. చిన్న వాద్యకారులు వినవలసిన పాఠం ఇంతకంటె ఏముంది?

ఆ పిల్లల చేతుల్లో ఉన్నది ఆట వస్తువు కాదని చెప్పడానికి మరొక కారణముంది. 2015లో యునెస్కో సంస్థ వాయెనాతోను వెంటనే కాపాడవలసిన వారసత్వాల జాబితాలో చేర్చింది. మాదకద్రవ్యాల వ్యాపారం ఎగదోసిన సాయుధ పోరాటాలు, పాత బాణీని పక్కకు నెట్టే కొత్త పోకడలు, వీధుల్లో కూడి పాడుకొనే చోట్లు తగ్గిపోవడం ఇందుకు కారణాలని చెప్పింది. ఉత్సవాన్ని నిలబెట్టిన కొన్సువేలో అరౌహోను 2001లో సాయుధులు ఎత్తుకుపోయి చంపారు. అయినా ఉత్సవం ఆగలేదు. పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే చిన్నవారు ఒక్కొక్కరే వేదిక ఎక్కుతున్నారు. నేర్చుకొన్న బిడ్డ లేకపోతే పాట పుస్తకంలో ఉన్నా మూగదే.

కాబట్టి తల్లులారా, తండ్రులారా, బిడ్డను పోటీకి పంపండి. కాని మూడు సంగతులు మరువకండి. వానికి తేలికగా వచ్చే పాటతోపాటు కష్టమైన నిదానపు పాట కూడ నేర్పించండి. ఊరిలో పాత పాటలెరిగిన ముసలమ్మ ఉంటే, ఆమె ఓపిక ఉన్నప్పుడే బిడ్డను ఆమె దగ్గర కూర్చోబెట్టండి. పోటీనుంచి ఇంటికి వచ్చిన వెంటనే ఎన్నో బహుమతి వచ్చిందని అడగకండి. మొదట అన్నం పెట్టండి. తరువాత ఎక్కడ బాగా పలికింది, ఎక్కడ తడబడ్డావు అని అడగండి. తడబడిన చోటు తానే చెప్పగలిగితే, గిన్నె రాకపోయినా ఆ బిడ్డ నేర్చుకొన్నట్టే.