డ్రోన్‌కు డబ్బులున్నాయి, ముఖాల మీద వెలుగుకు లేవా?

కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసి చదవండి. మొన్న మన గ్రూపులో ఇదే సంగతి రెండు ముక్కల్లో పెడితే "నీకు ఫొటోల పిచ్చి" అని నవ్వే బొమ్మలు పెట్టి వదిలేశారు. అందుకే ఈసారి మొత్తం చెబుతున్నాను.

పోయిన నూలుపున్నమ నాటి మార్కండేయస్వామి రథోత్సవం ఫొటోలు సంఘం తరఫున అందరికీ వచ్చాయి కదా. నేను ఒక్కటి వదలకుండా చూశాను. రథం బాగుంది. పూలు బాగున్నాయి. డ్రోన్ పైనుంచి తీసిన జనాన్ని చూసి ముంబై, భీవండి చుట్టాలు కూడా మెచ్చుకున్నారు. మనుషులే లేరు అందులో. గాంధీ టోపీ ఉంది, దాని కింద నల్లటి నీడ. ఫేటా ఉంది, దాని కింద మీసం కొస. నెత్తిన కొంగు కప్పుకున్న ఆడవాళ్ల సంగతి అసలు అడగొద్దు. తెల్ల ధోతి, తెల్ల చొక్కా, వెనక తెల్లటి ఆకాశం, నడుమ మసి పూసినట్టు ఒక గుండ్రం. టోపీ వాలును బట్టి "ఈయన మా మామ" అని గుర్తుపట్టాలి.

అందులో మా పెద్దమ్మ ఉంది. హారతి పళ్లెం పట్టుకుని గడప ముందు నిలబడింది. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన ఆ చేతులు ఎండలో ఉన్నాయి కాబట్టి గోళ్లతో సహా కనిపిస్తున్నాయి. ముఖం కొంగు నీడలో పోయింది. దీపావళి దాటాక మనిషే పోయింది. ఆ రాత్రి మా అన్న ఫోన్ చేసి, "తమ్మీ, అమ్మది మంచి ఫొటో ఏదన్న ఉన్నదా, పటం కట్టియ్యాలె" అన్నాడు. సంఘం ఫొటోలు, పెళ్లి వీడియోలు, పిల్లల ఫోన్లు అన్నీ వెతికాం. చివరికి దండ వేసింది ఆధార్ కార్డు ఫొటోకి. బొటనవేలంత ఫొటోను పెద్దది చేయిస్తే ఎట్లా ఉంటుందో మీలో చాలామంది ఇంటి గోడల మీద ఉంది, నేను చెప్పనక్కర్లేదు.

ఈ మాట కార్యకారిణి సమావేశంలో ఎత్తాను. ఒక పెద్దాయన, "ఎండ అట్ల ఉంటె ఫొటోగ్రాఫర్ మాత్రం ఏం చేస్తడు?" అన్నారు.

ఏం చేస్తాడంటే, అరచేతిలో పట్టేంత ఫ్లాష్ ఒకటి కెమెరా నెత్తిన పెట్టుకుంటాడు. పట్టపగలే వేస్తాడు. మిట్టమధ్యాహ్నం ఫ్లాష్ వేస్తుంటే "ఎండ సాలలేదా" అని నవ్వుతారు, నన్నూ నవ్వారు. కానీ మన ముఖాలకు దాని అవసరం అప్పుడే ఎక్కువ. ఎండ నిలువుగా పడితే కనుగుంటల్లో, ముక్కు కింద, గడ్డం కింద నీడలు దిగుతాయి. టోపీ ఉంటే సగం ముఖం గల్లంతు. పైగా కెమెరాకు మీ మామ ఎవరో తెలియదు. ఫ్రేములో ఉన్న వెలుగంతా కలిపి సగటు చూసుకుని, దాన్ని మధ్యరకం బూడిద రంగు దగ్గరికి తేవాలని చూస్తుంది. తెల్ల బట్టలు, తెల్ల ఆకాశం నిండా ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని మొత్తం తగ్గించేస్తుంది. ఆ దెబ్బ తగిలేది ముఖానికే. పోనీ ముఖానికి సరిపోయేటట్టు పెంచితే రథం మీది పూలు, ఆకాశం తెల్లగా మాడిపోతాయి. రెండూ నిలవాలంటే ఆ నీడలోకి కాస్త వెలుగు పంపాలి. ఫ్లాష్ చేసేది అంతే.

పెద్ద విద్యేమీ కాదు. నిండు ఎండలో కెమెరాను మాన్యువల్‌లో పెట్టి, ఐఎస్ఓ 100, షట్టర్ 1/200, ఎఫ్/11 దగ్గర మొదలుపెట్టండి. షట్టర్ వేగం అంతకన్నా బాగా పెంచితే చాలా కెమెరాల్లో మామూలు ఫ్లాష్ కలవదు, ఫొటోలో ఒక పక్క నల్లటి పట్టీ వస్తుంది. ఫ్లాష్‌ను కూడా మాన్యువల్‌లోనే సగం పవర్ దగ్గర పెట్టి, ఏడెనిమిది అడుగుల నుంచి ఒకటి తీసి చూడండి. ముఖం మరీ తెల్లబడితే పావుకు దించండి. ఎండే పెద్దది, ఫ్లాష్ దానికన్నా ఒక స్టాప్ తక్కువలోనే ఉండాలి. ఫొటో చూసినవాళ్లకు ఫ్లాష్ వేసినట్టే తెలియకూడదు. పెద్దమ్మ కళ్లు కనిపించాలి, కళ్లలో చిన్న చుక్క మెరవాలి. శ్రావణ మబ్బు పట్టిన రోజు ఇంకా తక్కువ చాలు, అప్పుడు ఎనిమిదో వంతుకో పదహారో వంతుకో దించుకోవచ్చు. సాయంత్రం ఎండ పసుపెక్కాక ఫ్లాష్ ముందు నారింజ రంగు పారదర్శక కాగితం ముక్క అంటించుకోవాలి. లేకపోతే ముఖం ఒక రంగు, వెనక వీధి ఒక రంగు అవుతుంది.

దూరం దగ్గర మాత్రం జాగ్రత్త. ఎనిమిది అడుగుల నుంచి పదహారు అడుగులకు పోతే ఫ్లాష్ వెలుగు సగం కాదు, పావు అవుతుంది. రోడ్డు అవతల నుంచి జూమ్ చేసి ఫ్లాష్ కొట్టేవాళ్లు సెల్లులు దండుగ చేసుకుంటున్నారు. ముప్పై మందిని మూడు వరుసల్లో నిలబెడితే కూడా ఒక్క చిన్న ఫ్లాష్ వల్ల కాదు, ఒప్పుకుంటాను. వాళ్లను ఏ వేపచెట్టు నీడలోకో తీసుకెళ్లి తీసుకోవాలి. నేను అడిగేది ఒక్కరు, ఇద్దరు నిలబడ్డ ఫొటోల గురించి. గోడకెక్కేవి అవే కదా.

మన కుర్రాళ్ల వాదన వేరు. "కాకా, ఫ్లాష్ ఔట్‌డేటెడ్, న్యాచురల్ లైటే బెస్ట్." వాళ్ల అసహ్యానికి కారణం ఉంది. వాళ్ల అమ్మానాన్నల పెళ్లి ఆల్బమ్‌లు నేనూ చూశాను. ముఖం సున్నం కొట్టినట్టు, వెనక గోడ మీద దయ్యం లాంటి నీడ, కళ్లు ఎర్రగా. అది ఫ్లాష్ తప్పు కాదు, రాత్రిపూట హాల్లో నేరుగా ముఖాన ఫుల్ పవర్ కొట్టినవాడిది. అదే ఫ్లాష్ తలను పైకి తిప్పి తెల్ల సీలింగుకు కొడితే వెలుగు మెత్తగా దిగుతుంది. (షామియానా కింద మాత్రం ఆ పని చేయకండి. ఎర్ర గుడ్డకు కొట్టి పెళ్లికూతుర్ని టమాటా రంగులో తీశాను ఒకసారి, తిట్లు తిన్నాను.) అయినా న్యాచురల్ అంటున్న తమ్ముళ్లారా, సినిమా షూటింగుల్లో పట్టపగలు హీరో పక్కన తెల్ల థర్మాకోల్ పట్టుకుని నిలబడేవాళ్లను మీరు చూడలేదా? అది చేసేదీ ఈ పనే. కదులుతున్న రథం పక్కన థర్మాకోల్ పట్టుకుని పరుగెత్తలేం కాబట్టి మనకు ఫ్లాష్.

వీటన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది ఇంకో మాట. "ఎడిటింగ్‌ల తెల్లగ చేస్తరు లే."

చేశారు, చూశాం. నీడలో పోయిన ముఖాన్ని కంప్యూటర్‌లో పైకి లాగితే ఇసుక చల్లినట్టు చుక్కలు తేలతాయి. ఆ చుక్కలు పోవడానికి నున్నగా రుద్దుతారు. రుద్దాక రంగు తేలుస్తారు. డెబ్బై ఏళ్ల మనిషి ఒక్క ముడత లేకుండా మైనం బొమ్మలా, ఎవరి రంగో తెలియని రంగులో బయటికొస్తాడు. మా పెద్దమ్మ నల్లటి మనిషి. నల్లగా ఉండటం వేరు, చీకట్లో ఉండటం వేరు. వెలుగు వేయడానికి బద్ధకించి, తప్పును ఆమె చర్మం మీదికి నెడుతున్నాం. ఈ రోగం పాతదే. ఫిల్ము కాలంలో ప్రింటు రంగులు సరిచూసుకోవడానికి కోడాక్ వాళ్లు ల్యాబులకు "షర్లీ కార్డు" అని ఒకటి పంపేవారు. చాలా ఏళ్లు దాని మీద ఉన్నది తెల్లజాతి ఆడమనిషి ముఖమే. ఆమె సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా వచ్చినట్టు. అది ఎవరో ఎక్కడో పెట్టుకున్న కొలత. ఇప్పుడు మన పెద్దవాళ్ల ముఖాలను చెరుపుతున్నది మనమే, అదీ మన వర్గణి డబ్బులిచ్చి.

కొత్త ఫోన్లు నీడలను బాగానే లేపుతున్నాయి, కాదనను. కానీ ఫోన్ వెనకుండే చిన్న ఎల్ఈడీ బల్బు ఎండ ముందు ఎందుకూ పనికిరాదు. బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉందేమో చూసి ముందు దాన్ని ఆపండి.

ఇక ఖర్చు. చేత్తో పవర్ తిప్పుకునే మాన్యువల్ ఫ్లాష్ కొత్తది నాలుగైదు వేలకు దొరుకుతుంది, వాడింది ఇంకా తక్కువకు. పెద్ద కంపెనీది అక్కర్లేదు. ఖరీదైన వాటికి ఎక్కువ డబ్బు పెట్టేది చాలావరకు ఆటోమేటిక్ కొలతల కోసం. నాలుగు పెన్సిల్ సెల్లులు పడతాయి, రీచార్జ్ అయ్యేవి ఎనిమిది కొంటే రోజంతా నడుస్తుంది. డ్రోన్ అద్దెకు ఇచ్చిన డబ్బులో సగంతో ఇవన్నీ వచ్చేవి. ఒక్కటి గుర్తుంచుకోండి, ఖర్చు తగ్గుతుందని అటక మీది ఫిల్ము కాలపు ఫ్లాష్ దించి డిజిటల్ కెమెరాకు తగిలించకండి. పాతవాటిలో కొన్నింటికి కెమెరాను తాకే చోట వందల వోల్టులు ఉంటాయి, కెమెరా కాలిపోవచ్చు.

డ్రోన్ చూస్తే మనం ఎంతమందిమో తెలుస్తుంది. ఎవరిమో తెలియదు. మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ పల్లెల నుంచి వచ్చి ఇక్కడ ఎన్ని తరాలయిందో మనకు తెలుసు. షోలాపూర్ చద్దరు పేరు దేశమంతా తెలుసు. దాన్ని నేసిన మన తాతల ముఖాలు ఎన్ని ఇళ్లల్లో ఉన్నాయి? వాళ్లకు కెమెరా దొరకలేదు. మనకు ఆ సాకు లేదు.

వచ్చే కార్యకారిణిలో దీన్ని ఒక విషయంగా పెట్టాలని అడుగుతున్నాను. నూలుపున్నమకు ముందే, డెబ్బై దాటిన ప్రతి సభ్యుణ్ణి, సభ్యురాలిని వాళ్ల గడప దగ్గరో, సాంచెల దగ్గరో, బీడీల చేట ముందో, ముఖం కనిపించేలా ఒక ఫొటో తీయాలి. రంగు మార్చని ఫైలు ఇంటివాళ్లకు ఇవ్వాలి. ఫొటోగ్రాఫర్‌కు బయానా ఇచ్చేటప్పుడే పగలు కూడా ఫ్లాష్ వేయాలని చెప్పాలి. ఆయన కుదరదంటే నేనూ, నేర్చుకుంటామన్న ఇద్దరు ఆడపిల్లలూ కలిసి చేస్తాం.

నమ్మకం లేనివాళ్లు ఈ ఆదివారం పదకొండు గంటలకు, ఎండ బాగా ఎక్కాక, మా ఇంటి ముందుకు రండి. టోపీ పెట్టుకునే రండి. ఫ్లాష్ వేసి ఒకటి, వేయకుండా ఒకటి తీసి అక్కడికక్కడే చూపిస్తాను. సెల్లులు నావే.