ఎలుకల ఎరకూ అదనుంది

గోదావరి డెల్టాలో వరి చేను పొట్టకు వచ్చిందంటే రైతుకు సంతోషంతోపాటు దిగులు కూడా మొదలవుతుంది. గట్టు మీద నిలబడి చూస్తే పైరు పచ్చగా, ఒత్తుగా కనిపిస్తుంది. లోపలికి దిగి చూస్తే చేను నడుమ దుబ్బులకు దుబ్బులే కొరికి పడేసి ఉంటాయి. ఎలుక తరచు చేను మధ్య నుంచే కొరకడం మొదలు పెడుతుంది. అందువల్ల నష్టం కంటపడే నాటికే సగం జరిగిపోయి ఉంటుంది. అప్పుడు రైతు హడావుడిగా కొట్టుకు వెళ్ళి మందు తెచ్చి, నూకల్లో కలిపి గట్ల వెంట పెడతాడు. మర్నాడు చూస్తే ఎర పెట్టింది పెట్టినట్లే ఉంటుంది. మందు నకిలీదనీ, ఎలుకలు తెలివి మీరాయనీ ఊళ్ళో మాట పుడుతుంది.

చాలా సందర్భాలలో లోపం మందులో లేదు, అదను తప్పడంలో ఉంది. తియ్యని చిరుపొట్ట, పాలు పోసుకుంటున్న గింజ నోటి ముందు ఉండగా ఎలుక ఎండు నూకల కోసం ఎందుకు వస్తుంది? విందు భోజనం వడ్డించిన ఇంట చద్దన్నం ఎవరూ ముట్టరు. అదే ఎరను నాట్లు పడిన కొత్తలో, చేలో తినడానికి గింజ అన్నది లేని రోజులలో పెడితే ఎలుక వెతుక్కుంటూ వచ్చి తింటుంది. ఎర పెట్టవలసింది ఎలుకకు ఆకలి వేసినప్పుడు గాని, రైతుకు కోపం వచ్చినప్పుడు కాదు. ఈ చిన్న సంగతి గ్రహించకపోవడం వల్లనే ఏటా ఎంతో డబ్బు, ఎంతో మందు గట్ల పాలవుతున్నాయి.

డెల్టా చేలలో ఎక్కువ నష్టం చేసేది చిన్న జాతి పందికొక్కు. ఇంగ్లీషువారు దీనిని పిలిచే 'బాండికూట్' అనే పేరు మన తెలుగు మాట నుంచి పుట్టిందే. దీని కన్నం ముందు తవ్విపోసిన మట్టి కుప్ప ఉంటుంది. ఎలుకకు రోజుకు తన బరువులో సుమారు పదో వంతు తిండి కావాలి. కాని అది తిన్న దానికంటె పాడు చేసేదే ఎక్కువ. దాని ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి గనుక ఏదో ఒకటి కొరకక తప్పదు. పైగా పందికొక్కు వెన్నులు కోసి కన్నంలో దాచుకుంటుంది. కోతలయ్యాక పేదలు కన్నాలు తవ్వి ధాన్యం తీసుకోవడం ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. మూడు వారాల పైచిలుకు చూలుతోనే ఈనే ఈ జంతువు, చేను గింజ పట్టే కాలంలోనే జోరుగా పిల్లలు పెడుతుంది. నాట్ల నాడు వదిలేసిన ఒక్క జత కోతల నాటికి ఒక మంద అవుతుంది.

ఎలుక తిండి విషయంలో రుచులు ఎరిగినదే కాక మహా అనుమానం గలది. కొత్త పదార్థం ఎదురైతే ముందు కొంచెం కొరికి చూస్తుంది. ఎలుక వాంతి చేసుకోలేదు. అందుకే ప్రకృతి దానికి ఈ జాగ్రత్త నేర్పింది. కొరికిన కాసేపటికే కడుపులో తేడా వస్తే, బతికి బయటపడిన ఎలుక ఆ తిండి జోలికి మళ్ళీ చాలాకాలం రాదు. జింకు ఫాస్ఫైడు వంటి వెంటనే పనిచేసే మందుతో వచ్చే చిక్కు ఇదే. ఆ మందు వాడేవారు ముందుగా రెండు మూడు రోజులు మందు కలపని నూకలు, నూనె పెట్టి ఎలుకకు నమ్మకం కలిగించాలి. ఆ తర్వాతే మందు ఎర పెట్టాలి. ఒకసారి పెట్టాక వెంటనే మళ్ళీ అదే మందు పెట్టినా ప్రయోజనం ఉండదు. ఈ మందుకు విరుగుడు లేదన్న సంగతి కూడా మరువరాదు.

బ్రోమడయోలోన్ సంగతి వేరు. ఇది తిన్న ఎలుక కొన్ని రోజులకు గాని చావదు. కాబట్టి చావుకు కారణం ఆ తిండేనని మిగతా ఎలుకలు పసిగట్టలేవు. ముందుగా మచ్చిక చేయవలసిన అవసరం కూడా లేదు. నూటికి పావు వంతు బలం గల మందు పొడిని 20 గ్రాములు, నూకలు 960 గ్రాములు, వంట నూనె 20 గ్రాములు తీసుకుని కలిపితే కిలో ఎర తయారవుతుంది. వరి ప్రాంతపు ఎలుక వరి నూకలకు అలవాటు పడినది. నూనె వాసన దానిని పిలుస్తుంది. ముక్కిన నూకలు, కనరెక్కిన నూనె వాడి పొదుపు చేయబోతే ఎర మొత్తం వృథా అవుతుంది.

పెట్టే పద్ధతి కూడా ముఖ్యమే. సాయంత్రం గట్ల మీది కన్నాలన్నీ మట్టితో మూసివేయాలి. మర్నాడు తెరుచుకుని ఉన్నవే ఎలుకలున్న కన్నాలు. ఒక్కొక్క దానిలో 10 నుంచి 15 గ్రాముల ఎరను కాగితంలో పొట్లం కట్టి లోపలికి నెట్టాలి. బయట చల్లితే పిట్టలు, పశువులు బలి అవుతాయి. ఎరను కర్రతో కలపాలి. వంట పాత్రలు వాడకూడదు. పిల్లలను దగ్గరకు రానీయకూడదు. చచ్చిన ఎలుకలను, మిగిలిన ఎరను పూడ్చిపెట్టాలి. ఎలుకను వేటాడే గుడ్లగూబ, పాము రైతుకు కూలి అడగని పాలేర్లు. విషం తిన్న ఎలుక వాటి నోట పడరాదు. పొరపాటున ఎవరి కడుపులోకైనా ఈ మందు పోతే, బాధ కనపడలేదని ఊరుకోకుండా డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇదంతా ఒక్క రైతు ఒక్క చేలో చేస్తే ఫలితం నాలుగు రోజులే. ఎలుకకు సర్వే నంబర్లు తెలియవు. పక్క చేలోవి ఖాళీ అయిన కన్నాలలోకి చేరతాయి. కాలువ గట్లు, మురుగు కాలువల గట్లు, రోడ్ల పక్క పొదలు ఎలుకలకు పుట్టిళ్ళు. అవి ఏ రైతువీ కావు గనుక అక్కడ ఎవరూ ఎర పెట్టరు. ఊరి ఆయకట్టు అంతటా, ఈ పోరంబోకు గట్లతో సహా, ఒకే రోజున కన్నాలు మూసి, మర్నాడు ఒకేసారి ఎర పెడితేనే పని జరుగుతుంది. సార్వాకు నాట్లు ముగిసిన నెలలోపున, దాళ్వాకు జనవరి, ఫిబ్రవరి నెలలలో ఈ పని పూర్తి కావాలి. గట్లు సన్నగా చెక్కి గడ్డి తీసివేస్తే కన్నాలకు చోటే తగ్గుతుంది.

అదను దాటినచోట నూకల మీద డబ్బు పోయడం మాని, బుట్టలు పెట్టేవారిని పిలిపించడం, కన్నాలలో గడ్డి పొగ పెట్టడం మేలు. పురుగు మందులు, గుళికలు అన్నంలో కలిపి పెట్టడం, చేను చుట్టూ కరెంటు తీగ లాగడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. ఆ తీగకు ఎలుక, మనిషి అన్న తేడా లేదు. నీరు పెట్టడానికి రాత్రివేళ వచ్చే పక్క రైతు ప్రాణం బస్తా ధాన్యం కంటె చవక కాదు.

ఈ నష్టంలో ఎక్కువ వాటా కౌలు రైతుదే. కౌలు బస్తాలు ముందే ఖాయమై ఉంటాయి. ఎలుక తిన్నదని ఆసామి వాటిలో తరుగు తీయడు. తక్కువ పడింది కౌలుదారు ఇంటి గాదె నుంచే పోతుంది. మార్టేరు పరిశోధన కేంద్రం ఈ జిల్లాలోనే ఉన్నా, అక్కడి శాస్త్రజ్ఞుల సలహా చేను గట్టుకు చేరితేనే ఉపయోగం. వ్యవసాయ శాఖ మందును పైరు పొట్టకు వచ్చాక కాక నాట్ల నాటికే గ్రామాలకు అందించాలి. పంచాయతీలు దండోరా వేయించి తేదీ నిర్ణయించాలి. కాలువ గట్ల బాధ్యతను నీటిపారుదల శాఖ తీసుకోవాలి. రైతులు ఆ ఒక్క రోజుకు పార్టీలు, పంతాలు పక్కనబెట్టి కలిసి రావాలి. ఎలుకలు ఊరంతా కలిసే తింటున్నాయి. ఎర కూడా ఊరంతా కలిసే పెట్టాలి.